సుడిగాలి హెచ్చరిక, అల్లాహ్‌పై భరోసా

గుంటూరు జిల్లాకు చెందిన ఒక సోదరుడు చాలా ఏళ్లుగా అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉంటున్నాడు. గత మార్చిలో ఫోను చేసి ఒక మస్‌అలా అడిగాడు. "మౌలానా సాబ్, మా దగ్గర వసంతకాలం వచ్చిందంటే టోర్నడోల భయం. మా మస్జిదు ఒకే పెద్ద హాలు. మధ్యలో స్తంభాలు లేవు, కింద నేలమాళిగ లేదు. జుమా నాడు మూడు వందల మంది దాకా వస్తారు. వాతావరణ హెచ్చరికలు వినిపించే రేడియో ఒకటి కొని పెడదామని, హాలు పక్కనున్న నడవాను, వుజూఖానాను ఖాళీగా ఉంచి, హెచ్చరిక వస్తే ఖుత్బా ఆపి అందరినీ అక్కడికి పంపుదామని కమిటీలో అన్నాను. మాకు ఒక చాచా ఉన్నారు, హైదరాబాదీ. డెబ్బై ఐదేళ్లు దాటాయి. ఆ మస్జిదు కోసం మొదట చందా పోగుచేసిన వారిలో ఒకరు. ఆయన ఒప్పుకోలేదు. అల్లాహ్ ఇంట్లో కూర్చున్నవాళ్లు గాలికి భయపడి పరుగెత్తుతారా, రాసిపెట్టి ఉన్న చావు వుజూఖానాలోకి రాలేదా అన్నారు. సగం మంది ఆయన వైపు, సగం మంది నా వైపు. ఇంతకీ మౌలానా, నాది ఈమాన్ బలహీనతేనా?"

రేడియో సంగతి వారి కమిటీ తేల్చుకుంటుంది. ఆ చివరి మాట మాత్రం నన్ను చాలా రోజులు వదలలేదు. అదే ప్రశ్న మన ఇళ్లలోనూ వేరే రూపంలో వినిపిస్తూ ఉంటుంది. ఉర్దూ మాట్లాడే మన కుటుంబాల్లో తద్‌బీర్, తఖ్దీర్ అనే రెండు మాటలను ఎదురెదురు పక్షాలుగా నిలబెట్టి మాట్లాడే అలవాటుంది. ఒకటి మనిషి చేసే ప్రయత్నం, రెండవది అల్లాహ్ చేసిన నిర్ణయం. మొదటిది పెరిగితే రెండవదానిపై నమ్మకం తగ్గినట్టేనని ఒక భావన. ఈ భావన ఎక్కడి నుండి వచ్చిందో గానీ, ఖుర్‌ఆన్ నుండి మాత్రం రాలేదు.

టోర్నడో అంటే ఎండాకాలం మన పొలాల్లో దుమ్ము రేపే సుడిగాలి లాంటిది కాదు. పెద్ద ఉరుముల మేఘం నుండి నేల దాకా దిగే గాలి స్తంభం. తీవ్రమైన వాటిలో గాలి వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. అది నడిచిన దారిలో ఇళ్లు పునాదుల నుండి ఊడిపోతాయి. ఒక్కోసారి ఒకే వాతావరణ వ్యవస్థ నుండి పదుల సంఖ్యలో పుడతాయి. 2011 ఏప్రిల్ 27న అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఒక్క రోజులోనే దాదాపు 200 టోర్నడోలు లేచాయి. 300 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు అలబామా వారే. అక్కడి వాతావరణ శాఖ రెండు రకాల ప్రకటనలు చేస్తుంది. 'వాచ్' అంటే టోర్నడో పుట్టే పరిస్థితులు ఉన్నాయని అర్థం. 'వార్నింగ్' అంటే అది కంటికో రాడార్‌కో కనిపించిందని అర్థం. వార్నింగ్ వచ్చాక దొరికే వ్యవధి చాలాసార్లు పది పదిహేను నిమిషాలే. విశాలమైన కప్పు ఉన్న హాలు అప్పుడు చాలా ప్రమాదకరం. ఒక గోడ లొంగితే కప్పంతా మీద పడుతుంది. కింది అంతస్తులో, కిటికీలు లేని చిన్న లోపలి గది దానికంటే ఎంతో మేలు. అంటే ఆ సోదరుడు వుజూఖానా పేరు ఎత్తడం ఊరికే కాదు. ఆ పది నిమిషాల్లో కూర్చుని చర్చించడానికి వీలుండదు. ఎవరు ఎటు వెళ్లాలో ముందే నిర్ణయమై ఉండాలి.

ఇక చాచా గారి మాటను గౌరవంగా వినాలి. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అల్లాహ్ వ్రాసినది తప్ప మరేదీ మనకు సంభవించదని సూరా తౌబా 51వ ఆయతు బోధిస్తుంది. ప్రతి ఆపదా అది రాకముందే ఒక గ్రంథంలో నమోదై ఉందని సూరా హదీద్ 22వ ఆయతు తెలుపుతుంది. ఈ విశ్వాసమే లేకపోతే, గాలి పోయాక మిగిలినవాడు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి, ఆ రోజు అలా చేసి ఉంటే అన్న తలపుతో జీవితాంతం కాలిపోతారు. జరిగినదాన్ని భరించడానికి అల్లాహ్ ఇచ్చిన బలం అది. చాచా గారి పొరపాటల్లా జరిగిపోయినదాని కోసం ఉన్న మాటను ఇంకా జరగనిదానికి వాడటమే.

ఇలాంటి పొరపాటు మహామహుల నోటి వెంట కూడా ప్రశ్నగా వచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో సర్గ్ అనే చోటికి చేరేసరికి ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ఆయన ముహాజిర్లను పిలిచి సంప్రదించారు, వారు రెండుగా చీలిపోయారు. అన్సార్లను పిలిచారు, వారూ చీలిపోయారు. (కమిటీలు చీలిపోవడం ఈనాటి సంగతేమీ కాదు!) తర్వాత ఖురైష్ పెద్దలను అడిగితే వారు ఏకకంఠంతో వెనక్కి మళ్లమన్నారు. ఉమర్ (రజి) అలాగే ప్రకటించారు. అప్పుడు హజ్రత్ అబూ ఉబైదా (రజి), అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోవడమా అని అడిగారు. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఆయన ఒకరు. ఆ ప్రశ్న మరెవరైనా అడిగి ఉంటే బాగుండేదని ఉమర్ (రజి) బాధపడ్డారు. ఔను, అల్లాహ్ విధివ్రాత నుండి అల్లాహ్ విధివ్రాత వైపుకే పోతున్నామన్నారు. ఒక లోయకు ఒక పక్క పచ్చిక, మరో పక్క ఎండు నేల ఉంటే నీ ఒంటెలను ఎటు మేపినా అది అల్లాహ్ నిర్ణయం ప్రకారమే కదా అని నచ్చజెప్పారు. ఆ తర్వాతే హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న చోటికి వెళ్లవద్దు, ఉన్న చోటు నుండి పారిపోవద్దు అన్న దైవప్రవక్త (సల్లం) హదీసును వినిపించారు. ఈ వృత్తాంతం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది.

నడవాలోకి వెళ్లడం కూడా ఒక విధివ్రాత నుండి మరొక విధివ్రాత వైపుకే.

అయితే గాలి విషయంలో ఇంతకంటే సూటి ఆధారం మనకుంది. చాలామంది దృష్టికి రానిది అది. తబూక్ ప్రయాణంలో ఒక సాయంత్రం దైవప్రవక్త (సల్లం) తన సహచరులకు ముందే హెచ్చరిక చేశారు. ఈ రాత్రి తీవ్రమైన గాలి వీస్తుంది, ఎవరూ లేచి నిలబడకండి, ఒంటె ఉన్నవారు దాన్ని కట్టేసుకోండి అన్నారు. అలాగే గాలి వీచింది. ఒక మనిషి లేచి నిలబడ్డాడు. గాలి అతన్ని ఎత్తుకుపోయి తయ్ కొండల్లో పడేసింది. అబూ హుమైద్ సాఇదీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు కూడా బుఖారీ, ముస్లింలలో ఉంది. ఆ దళంలో ఉన్నవారు ఎవరు? మండుటెండలో అల్లాహ్ మార్గంలో బయలుదేరినవారు. నాయకుడు ఎవరు? ఆయన చేయి ఎత్తి దుఆ చేస్తే గాలి ఆగిపోదా? అయినా నిలబడకండి, కట్టేసుకోండి అన్నారే గానీ, మనకేం కాదు అనలేదు. ప్రవక్తకు ఆ సమాచారం వహీ ద్వారా అందింది, మనకు రాడార్ ద్వారా అందుతోంది, రెండూ సమానం కాదు. కానీ సమాచారం అందాక విశ్వాసి చేయవలసిన పని మాత్రం ఒకటే.

లేచి నిలబడిన ఆ మనిషి ఎందుకు లేచాడో హదీసు చెప్పదు. 2011 మే 22న మిస్సోరీ రాష్ట్రంలోని జోప్లిన్ పట్టణంలో ఏం జరిగిందో చదివినప్పుడు నాకు అతను గుర్తుకొచ్చాడు. అక్కడ టోర్నడోకు ముందే సైరన్లు మోగాయి. కానీ చాలామంది మొదటి సైరన్‌కు కదలలేదని తర్వాత జరిగిన విచారణలో తేలింది. తరచూ మోగి ఏమీ జరగకపోవడంతో, నిజమేనా అని మరోసారి చూసుకుందామనుకున్నారు. ఆ ఒక్క టోర్నడోకే 150 మందికి పైగా బలైపోయారు. పదిసార్లు ఉత్తదే అయినా పదకొండోసారి లేచి వెళ్లడం విసుగు పుట్టించే పనే. సబ్ర్ అంటే కష్టం వచ్చాక ఓర్చుకోవడమే కాదు, ఆ విసుగును ఓర్చుకోవడం కూడా.

హజ్రత్ నూహ్ (అలై) కొడుకు మాటేమిటి అని ఎవరైనా అడగవచ్చు. అతనూ ఆశ్రయం వెదికాడు కదా, కొండెక్కి బతుకుతానన్నాడు, కొండ అతన్ని కాపాడిందా? మంచి ప్రశ్న. సూరా హూద్ 43వ ఆయతులో ఆ సంగతి ఉంది. కానీ అదే వరదలో నూహ్ (అలై) ఎలా బ్రతికారో చూడండి. అల్లాహ్ ఆయన్ను ఆకాశానికి ఎత్తుకోగలడు. నీటి మీద నడిపించగలడు. అలా చేయలేదు. పొడి నేల మీద ఓడ కట్టమన్నాడు. పక్కనుండి పోయేవాళ్లు పరిహసిస్తుంటే ఆయన కడుతూనే ఉన్నారు. ఆ ఓడ గురించి సూరా ఖమర్ 13వ ఆయతులో అల్లాహ్ పలకలను, మేకులను ప్రస్తావించాడు. ఒక ప్రవక్త ప్రాణం నిలిచినది వడ్రంగి పని మీద! కొడుకు మునిగింది ఆశ్రయం వెదికినందుకు కాదు. వచ్చిన హెచ్చరికను కాదని తన తెలివితో వేరే చోటు ఎంచుకున్నందుకు. ఈ ఉదాహరణ ఎవరి పక్షాన ఉందో చాచా గారే ఆలోచించాలి.

నమాజు సంగతికి వద్దాం. ఖుత్బా ఆపవచ్చా? జమాఅతు మధ్యలో సైరన్ మోగితే? సూరా నిసా 102వ ఆయతులో భయస్థితిలో చేసే నమాజు పద్ధతి ఉంది. సైన్యంలో ఒక భాగం నమాజులో ఉంటే మరో భాగం కాపలా ఉండాలి, నమాజులో ఉన్నవారు సైతం జాగ్రత్తను, ఆయుధాలను వదలకూడదు. తన ముందు నిలబడే పద్ధతినే అల్లాహ్ ప్రాణరక్షణ కోసం మార్చాడు. పాము, తేలు కనిపిస్తే నమాజులో ఉండి కూడా చంపమని దైవప్రవక్త (సల్లం) ఆదేశించినట్లు అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. ఇక మన హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథాలలో, ఒకడు నీట మునుగుతున్నా, మంటల్లో చిక్కుకున్నా, గుడ్డివాడు బావిలో పడబోతున్నా చూసినవాడు నమాజు తెంచి కాపాడటం వాజిబ్ అని స్పష్టంగా ఉంది. నమాజు మళ్లీ చేసుకోవచ్చు. వర్షం పడిన ఒక జుమా రోజున హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ముఅజ్జిన్‌తో నమాజుకు రండి అనే మాటకు బదులు మీ ఇళ్లలోనే నమాజు చేసుకోండి అని పిలవమన్నారు. జనం వింతగా చూశారు. నాకంటే ఉత్తములే ఇలా చేశారు, జుమా తప్పనిసరే, కానీ మిమ్మల్ని బురదలో నడిపించడం నాకు ఇష్టం లేదన్నారు. బురదకే ఇంత వెసులుబాటు ఉంటే, కప్పు కూలే గాలికి?

అదే అలబామాలో 1994 మార్చి 27న, ఆదివారం ఉదయం, పీడ్‌మాంట్ పట్టణం దగ్గర ఒక చర్చిలో ప్రార్థన జరుగుతుండగా టోర్నడో తాకి కప్పు కూలింది. 20 మంది మరణించారు, వారిలో పిల్లలూ ఉన్నారు. దానికి కొద్ది నిమిషాల ముందే వాతావరణ శాఖ హెచ్చరిక చేసింది. లోపల ప్రార్థనలో ఉన్నవారి చెవికి అది చేరలేదు. ఆ దుర్ఘటన తర్వాతే అమెరికాలో హెచ్చరికల రేడియో కేంద్రాలను విస్తరించాలన్న ఆలోచన ఊపందుకుంది. అది మన మతం వారి ప్రార్థనాలయం కాదని ఈ ఉదాహరణను తోసిపుచ్చే హక్కు మనకు లేదు. కప్పు ఎవరి మీద పడినా ఒకే బరువుతో పడుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా తయారీ తప్పు కాదని. నేను అంతటితో ఆగలేను. చాచా గారు తన ఒక్కరి విషయంలోనే, నేను కదలను, అల్లాహ్ చిత్తం అని ఉంటే మనం చేయగలిగింది నచ్చజెప్పడమే. కానీ ఆయన కమిటీ సభ్యుడు. మూడు వందల మంది తరఫున ఆ మాట అన్నారు. తన తవక్కుల్‌కు ఇతరుల ప్రాణాలను పెట్టుబడి పెట్టే అధికారం ఎవరికీ లేదు. మీలో ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరినీ తన మంద గురించి అడగడం జరుగుతుందన్న హదీసు మనకు చిన్నప్పటి నుండి కంఠస్థం. పిట్టగోడ లేని డాబా మీద నిద్రించి పడి మరణించినవాడి విషయంలో, సముద్రం పోటెత్తినప్పుడు పడవ ఎక్కి మరణించినవాడి విషయంలో బాధ్యత తొలగిపోతుందని దైవప్రవక్త (సల్లం) అన్నట్లు ముస్నద్ అహ్మద్‌లో ఉల్లేఖనం ఉంది. పిట్టగోడ కట్టించడం కూడా దీన్ విషయమేనన్నమాట. మరి పిల్లలను ఆ డాబా మీద పడుకోబెట్టినవాడి సంగతేమిటి? ఇది హుఖూఖుల్ ఇబాద్, అంటే తోటి దాసుల హక్కు. దాన్ని అల్లాహ్ కూడా ఆ దాసులు క్షమిస్తేనే క్షమిస్తాడని మన ఆలిములు చెబుతారు.

గోడ కూలి మరణించిన విశ్వాసికి షహాదత్ పుణ్యం ఉందన్న హదీసును కొందరు అడ్డు తెస్తారు. ఆ హదీసు సహీహ్. అది ప్రాణం పోయినవాడి ఇంటివారికి ఊరట, గోడను బాగు చేయించనివాడికి సాకు కాదు.

పాఠక సోదర సోదరీమణులారా! ఇదంతా అమెరికావారి గొడవ అనుకోకండి. చరిత్రలో నమోదైన టోర్నడోలలో అత్యధిక ప్రాణనష్టం కలిగించినది అక్కడిది కాదు, మన బంగాళాఖాతం ఒడ్డునున్న బంగ్లాదేశ్‌ది. 1989 ఏప్రిల్ 26న, రమజాన్ నెలలో, మానిక్‌గంజ్ జిల్లాలోని దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతాల్లో సుమారు 1,300 మంది మరణించారు. ఉపవాసం ఉన్న ఊళ్లు అవి. వారి ఈమాన్ తక్కువై అలా జరిగిందని నోరు జారేవాడు అల్లాహ్‌కు భయపడాలి. వారికి లేనిది ఈమాన్ కాదు, ముందస్తు కబురు.

మన తీరానికి టోర్నడోలు అరుదు, తుఫానులు అలవాటు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు 10 వేల మంది పోయారు. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుఫాను మళ్లీ మచిలీపట్నం ప్రాంతానికి వచ్చింది. ఈసారి ముందే లక్షలాది మందిని తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. వెయ్యి కూడా చిన్న సంఖ్య కాదు. కానీ ఆ పదమూడేళ్లలో తఖ్దీర్ మారలేదు, అల్లాహ్ మారలేదు. మారింది మన తద్‌బీర్. అదీ ఆయన నిర్ణయంలో భాగమే.

ఇక్కడ ఒక మాట నొప్పించినా చెప్పాలి. 1991 ఏప్రిల్ 29 రాత్రి చిట్టగాంగ్ తీరాన్ని తాకిన తుఫానులో సుమారు 1,38,000 మంది మరణించారు. 20 నుంచి 44 ఏళ్ల వయసులో మగవారి కంటే ఆడవారి మరణాల రేటు నాలుగు రెట్లకు పైగా ఉందని తర్వాత లెక్కలు తేల్చాయి. భర్త వచ్చేదాకా ఇల్లు కదలనివారు, చంకలో ఒకరు చేతిలో ఒకరు పిల్లలతో పరుగెత్తలేనివారు ఉన్నారు. పరాయి మగవాళ్లు కిక్కిరిసిన షెల్టర్‌లోకి వెళ్లడానికి పర్దా కారణంగా సంకోచించినవారూ ఉన్నారు. ఆ సంకోచం సిగ్గుపడదగినది కాదు. కానీ ప్రాణాపాయంలో షరీఅత్ ఏం చెబుతుందో ఆ తల్లులకు ఎవరు చెప్పాలి? గత్యంతరం లేని స్థితిలో నిషిద్ధమైనది కూడా అనుమతి పొందుతుందని సూరా బఖరా 173వ ఆయతు ఆధారంగా ప్రతి మద్రసాలో బోధిస్తారు. మేము చదువుకున్నాం, పరీక్ష రాశాం, సనదు తీసుకున్నాం. దాన్ని మింబర్ మీద నుండి ఆడవారి చెవిన వేయలేదు. లోపం పర్దాలో లేదు, మాలో ఉంది. కనుక స్పష్టంగా వ్రాస్తున్నాను: తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇంటి ఇల్లాలు భర్త అనుమతి కోసం, మహరమ్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోనవసరం లేదు. పిల్లలను తీసుకుని వెళ్లడం ఆమె బాధ్యత. ఆడవారికి విడిగా చోటు చూపించడం ముందే ఏర్పాట్లు చేసేవారి బాధ్యత. మీ ఊరి మస్జిదు మైకుకు బ్యాటరీ ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. గాలివానలో ముందు పోయేది కరెంటే.

వాతావరణ శాఖ మాట నమ్మితే గైబ్‌లో జోక్యం చేసుకున్నట్టు కాదా అని కొందరు అడుగుతారు. గైబ్ అల్లాహ్‌కే తెలుసు. రాడార్‌లో కనిపించే మేఘం గైబ్ కాదు, కంటికి దూరంగా ఉన్నది, అంతే. జ్వరం చూసి వైద్యుడు చెప్పే మాట లాంటిదే అది.

తయారీ వైపు మొగ్గేవారికీ ఒక ప్రమాదం ఉంది. రేడియో కొన్నాక దుఆ మరచిపోవడం. హజ్రత్ యాఖూబ్ (అలై) తన కొడుకులను ఒకే ద్వారం గుండా కాక వేర్వేరు ద్వారాల గుండా నగరంలోకి వెళ్లమన్నారు. ఆ వెంటనే, అల్లాహ్ నిర్ణయం ముందు నేను మీకు ఏ విధంగానూ పనికిరానని, నా భరోసా ఆయన మీదేనని అన్నారు. జాగ్రత్త, భరోసా రెండూ సూరా యూసుఫ్‌లోని ఆ ఒక్క 67వ ఆయతులోనే ఉన్నాయి. మబ్బు పట్టి గాలి లేస్తే దైవప్రవక్త (సల్లం) ముఖం రంగు మారేదని, లోపలికి బయటికి తిరిగేవారని, వాన కురిస్తే గానీ నెమ్మదించేవారు కాదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. కారణం అడిగితే, ఆద్ జాతి కూడా మబ్బును చూసి ఇది మనకు వాన తెచ్చే మేఘమనే అనుకుందని గుర్తు చేశారట. ఆ గాలిలోని మేలును కోరుతూ, కీడు నుండి శరణు వేడుతూ దుఆ చేసేవారు. భయపడటం ఈమాన్ బలహీనత అయితే, ఆ ముఖం ఎందుకు రంగు మారినట్టు?

ఈ మాటలే కొంచెం కుదించి ఆ సోదరుడికి చెప్పాను. చాచా గారికి వినిపించమన్నాను, వాదన గెలిచినట్టు కాకుండా, పక్కన కూర్చుని. నెల తర్వాత మళ్లీ ఫోను వచ్చింది. చాచా గారు తబూక్ హదీసును రెండుసార్లు చదివించుకుని చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, నా మోకాళ్లు మీకు తెలుసు కదా, పది నిమిషాల్లో హాలు దాటి నడవా చేరగలనా అని అడిగారట. ఇద్దరు కుర్రాళ్లకు ఆయన్ను నడిపించే పని అప్పజెప్పారు. అయినా ఆ తర్వాతి జుమా నుండి ఆయన తన కుర్చీని మొదటి సఫ్ మధ్య నుండి తీయించి, నడవా తలుపు పక్కన వేయించుకున్నారు.